రోజుకి ఆరు

పేరేచర్ల క్వారీ వెనక, పత్తిచేను గట్టు మీద
పొద్దున ఆరూ ఇరవైకి పట్టుకున్నాం అతన్ని.
పారిపోలేదు.
"ఉండమ్మా, వల చుట్టుకోనీ, కంపకి పట్టుద్ది" అన్నాడు.

సంచిలో కౌజులు.
బోనులో ఇంకోటి, దీమం పిట్ట,
మమ్మల్ని చూసి కూడా కూత ఆపలేదు.

పేరు పాలపర్తి గాలెయ్య.
వయసు నీకు తోచినంత రాసుకోమన్నాడు.
వృత్తి అన్నచోట నా పెన్ను ఆగింది.
కూలి అని రాసెయ్యండి మేడం, అన్నాడు వాచరు మస్తాను,
మంచుకి చేతులు చంకల్లో పెట్టుకుని.

"నాకు లైసెన్సుందమ్మా."

మొలతాడుకి కట్టిన పొగాకు తిత్తిలోంచి
ఒక ఎరువుల కవరు, అందులోంచి ఇంకో కవరు,
అందులోంచి
నాలుగు మడతలూ నాలుగు ముక్కలైన కాయితం.
బీటు డ్యూటీలో చేరి పదకొండేళ్ళు,
అలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదు.
టైపు కొట్టిన ఇంగ్లీషు. అరవై ఎనిమిదో సంవత్సరం.
రుసుము పది రూపాయలు.
అక్టోబరు ఒకటి మొదలు మార్చి ఆఖరు దాకా.
కౌజులు రోజుకి ఆరు, పూరేళ్ళు పన్నెండు,
గుడ్ల మీదున్న పిట్టని ముట్టరాదు.
షికారీ పేరు: పురుషోత్తమరావు, వకీలు, బ్రాడీపేట.

తిరగేసి చూశాను. వెనక పెన్సిలు గీతలు, నూనె మరక.
గాలెయ్య పేరు ఎక్కడా లేదు.

"వకీలు గారికి నేను పిట్టని లేపేవాణ్ణి.
డొంకలో దూరి చప్పట్లు కొడితే
ఆయన తుపాకి నా నెత్తి మీంచి పేలేది.
అది అమ్మేసిన రోజున
ఈ కాయితం నా చేతిలో పెట్టి
ఇంక నువ్వేరా వేటగాడివి గాలీ, అని నవ్వాడు."

ఆ నవ్వు ఇతను వినలేదు.
మాట ఒక్కటే విన్నాడు.

చదువు రాదు. వకీలు చదివి చెప్పింది మాత్రం
పొల్లుపోకుండా ఒంటికి పట్టించుకున్నాడు.
ఉగాది నుంచి దసరా దాకా వల దులపలేదు,
కోడలి పురిటికి డబ్బుల్లేని ఏడు కూడా.
ఏడో కౌజు వలలో పడితే
వదిలేసి, రెక్కల చప్పుడు వినపడనంత వరకూ
అక్కడే నిలబడేవాడంట.

సంచి విప్పి లెక్కపెట్టాను.
ఆరు.
మళ్ళీ లెక్కపెట్టాను, ఏడోది దొరికితే బాగుండునని.

"ఈ కాయితం చచ్చిపోయి యాభై ఏళ్ళు దాటింది గాలెయ్యా."
"మరిప్పుడు రోజుకెన్నమ్మా?"
"సున్నా."
"నెలకి?"
"ఏడాదికి కూడా సున్నానే."
వేళ్ళ మీద ఏదో లెక్కేసుకున్నాడు,
మధ్యలో తప్పి మళ్ళీ మొదటికొచ్చాడు.

క్వారీలో బ్లాస్టింగు సైరను మోగింది.
కొండకి సీజనేంటో, రోజుకెన్ని లారీలో
నా బీటు రిజిస్టర్లో గడి లేదు.
మొన్న ఆదివారం మంగళగిరి దగ్గర ధాబాలో
ఫారంలో పెరిగిన జపాను పూరేడు వేపుడు తిన్నాను,
ప్లేటు రెండొందల ఎనభై,
గోడకి ఫ్రేము కట్టిన లైసెన్సు కింద కూర్చుని.
అది ఇతనికి చెప్పలేదు.

ఫోటో తీసి ఆరింటినీ గట్టు మీద వదిలాం.
మిరపతోట మీదుగా, చెట్ల ఎత్తు కూడా లేకుండా
బుర్రుమని పోయాయి.
పంచనామాలో సంఖ్య: ఆరు.
దీమాన్ని ఎక్కడ రాయాలి?
ఆయుధం గడిలోనా, పక్షి గడిలోనా?
మస్తాను తల గోక్కున్నాడు.
దాన్నీ వదిలెయ్యి, అన్నాను.

బోను తలుపు తీస్తే బయటికొచ్చింది.
రెండడుగులు వేసింది. చీమని పొడిచింది.
గాలెయ్య మడమ పక్కకి చేరి,
మెడ సాచి,
అలవాటైన కూత కూసింది.
చేను అవతల్నించి
ఇప్పుడే వదిలినవాటిలో ఒకటి కాబోలు, బదులు పలికింది.

"పిలవమాకే" అన్నాడు గాలెయ్య దానితో,
వంగి, చెవిలో చెబుతున్నట్టు.
"సీజను లేదంట."