బూటు మొన

పదకొండు–సున్నా.
ఇంకా తొమ్మిది నిమిషాలుంది.
పోర్టు వైపు నించి వచ్చే గాలికి
గోల్‌పోస్టు వల నిండా ఎర్రటి ఇనప్పొడి.
సముద్రం దగ్గర్లోనే ఉందన్న సంగతి
ఉక్కపోత ఒక్కటే చెబుతోంది.

ఉక్కునగరం పిల్లలందరివీ ఒకే రంగు మేజోళ్ళు.
పెదజాలారిపేట గుంటలవి
ఎవరికి దొరికిన బూట్లు వాళ్ళవి.
హాఫ్‌టైముకే టెంటు వాళ్ళు కుర్చీలు మడిచేశారు.
ముఖ్య అతిథి కారెక్కి వెళ్ళిపోయాడు,
షీల్డు మీద పేరు ముందే చెక్కించేసినట్టు.

అవతలి సగంలో ఈల పట్టుకున్న భూషణం
నీళ్ళ విరామంలో పక్కకొచ్చి అన్నాడు:
"ఇంక ఒగ్గీ అప్పా. చూసీ చూడనట్టు పోనీ.
బేగి అయిపోతే గుంటలు బస్సెక్కుతారు.
ఈలకి కూడా కాస్త కడుపుండాల."

తప్పేం అనలేదు.
నాకూ ఆకలేస్తోంది.

అప్పుడు పడింది బంతి 'డి' లోపల.
తెడ్డు నూకరత్నం, అయిదో నంబరు,
ఆపబోయింది. స్టిక్కు కింద నించి జారి
కుడి బూటు మొనకి తగిలి ఆగింది.

కాలికి తగిలితే పెనాల్టీ కార్నర్.
రూలు పుస్తకంలో ఇంతే.
కానీ ఆ బూటు రెండు సైజులు పెద్దది.
పొద్దున్న లేసులు కట్టుకుంటుంటే చూశాను,
మొనలో పాత పేపరు ఉండ చుట్టి కుక్కింది.
బంతి తగిలింది కాలికా?
వేళ్ళు చేరని ఆ ఖాళీకి తగిలింది.
మొన్నటి ఏ వార్తకో తగిలింది.

ఎవరూ అడగలేదు.
కొట్టిన పిల్ల కూడా చెయ్యెత్తలేదు,
పదకొండు వేశాక పన్నెండోది అడగడానికి
దానికీ మొహమాటం.
ఈల పెదాల మధ్యే ఉంది, ఉప్పగా.

నా పదిహేనో ఏట మల్కాపురంలో
తొమ్మిది గోల్స్ తిన్నాం.
ఆఖర్న అంపైరుగారు, దేవుడిలాంటి మనిషి,
జరగని తప్పుకి మాకో పెనాల్టీ స్ట్రోక్ ఇచ్చారు.
వేశాను. గోల్‌కీపరు పక్కకి జరిగి నవ్వింది.
అందరూ చప్పట్లు కొట్టారు,
పసిబిడ్డ బోర్లా పడితే కొట్టినట్టు.
జన్మకి నేను వేసిన ఒకే ఒక్క గోలు.
ఇంట్లో ఇప్పటిదాకా చెప్పలేదు.

పోర్టు వేబ్రిడ్జిలో నా కొలువు.
నిండు లారీనీ కాటా ఎక్కిస్తాం, ఖాళీ లారీనీ.
ఖాళీదే కదా అని పోనిస్తే
నిండుదాని లెక్క కూడా అబద్ధమే.
లారీలకి ఏడుపు రాదు, అదీ నిజమే.

ఊదాను.
రెండు చేతులూ గోలు వైపు చాపాను.

భూషణం తల పట్టుకున్నాడు.
బెంచీ మీంచి వాళ్ళ డ్రిల్లు మాస్టారు లేచి
"ఇదేటి మేడమ్, సచ్చినోళ్ళనే సంపుతారా!"
నేను అటు చూడలేదు. చూసే ధైర్యం లేదు.

నూకరత్నం నన్ను చూసింది, బూటుని చూసింది.
మాస్క్ తగిలించుకుని గోల్‌లైను మీదికి ఉరికింది.
"ఒలే, నువ్వు పోస్టు కాడ! నువ్వు నాతో రా!"
ఆ మ్యాచ్‌లో మొదటిసారి
వాళ్ళ గొంతు వినపడింది.

బంతి పలకకి తగిలిన చప్పుడు.
పన్నెండు.

తర్వాత ఉక్కునగరం పిల్లది బ్యాక్‌స్టిక్.
అదీ ఊదాను.
ఫ్రీహిట్‌కి నూకరత్నం మూడడుగులు ముందు పెట్టింది బంతిని.
ఆ మూడడుగులూ వెనక్కి తెప్పించాను.
దానివల్ల ఏమీ కాలేదు.

స్కోరు కాగితం మీద
పన్నెండుని అంకెల్లో రాసి, అక్షరాల్లో రాసి,
కింద సంతకం పెట్టింది.
పెట్టి, అక్కడే బూటు విప్పింది.
మొన సొట్టపోయింది.
లోపల్నించి వేలితో పొడిచి సరిచేస్తూ
"తగిలింది మేడమ్" అంది.
కోపమో, సాక్ష్యమో
నాకు తెలీలేదు.

ఆ రాత్రి షిఫ్టులో
మొదటి లారీ ఖాళీగా వచ్చింది.
అంకె కదలకుండా నిలిచేదాకా
ఎప్పటికన్నా కాస్త ఎక్కువసేపు చూశాను.