మినిట్స్ పుస్తకం

వానతో మొదలెడితే ఈ దీవిలో ఏ కథా అయిపోదు,
అందుకే కుర్చీలతో మొదలెడతాను.
పద్దెనిమిది. రెండింటికి కాళ్లు సమంగా లేవు.
ఆ రెండూ ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాళ్లకే.

చిలోయే పక్కన చిన్న దీవి, మా వర్తక సంఘం,
ప్రతి నెలా మొదటి గురువారం, సాయంత్రం ఏడింటికి
పాత ఐస్ ఫ్యాక్టరీ మేడ మీద.
ఇరవై రెండేళ్లుగా మినిట్స్ రాసేది నేనే,
ఊలు కొట్టు ఎడెల్మీరా వెంచూర్‌ని.

పగలంతా ఒకరి బేరం ఒకరు చెడగొట్టుకునేవాళ్లమే.
మేకులమ్మే ఓటోనియెల్‌కీ
ఎదురుగా మేకులే అమ్మే బాలదోమెరోకీ
ఎనిమిదేళ్లుగా మాటల్లేవు.
ఇక్కడికొస్తే ఇద్దరూ ఒకే కెటిల్లోంచి టీ వంపుకుంటారు,
చక్కెర డబ్బా మాత్రం చేతికివ్వరు, బల్ల మీద జరుపుతారు.

కిటికీ పక్కన సాల్మన్ కంపెనీ మేనేజర్.
సంఘం చందాలో సగం వాళ్లదే:
నెత్తిన వెలిగే బల్బు, ఆ కెటిల్,
నా కలంలో సిరా కూడా.
చెడ్డవాడని రాయలేను.
మా పిల్లల జట్టుకి బంతులు కొనిచ్చాడు.

ఆ రోజు అర్జీ: రేవులో ర్యాంపు పొడిగించాలి,
పోటు తగ్గితే చేపల లారీలు ఒడ్డునే ఆగిపోతున్నాయి.
రెండు పేజీలు. ముద్ర కూడా పడింది.
అడుగున నేనో వాక్యం కలిపాను:
రాత్రిళ్లు కూడా ఒక ఫెర్రీ నడపాలి,
పురిటి నొప్పులకు టైంటేబుల్ తెలీదు.

"ఇది వర్తక సంఘం, సెన్యోరా, ఆసుపత్రి కాదు"
అన్నాడు శవపేటికలు చేసే ఫిదెన్సియో.
ముందు ఎవరూ నవ్వలేదు.
తర్వాత అందరూ నవ్వారు, ఆయన తప్ప.

"ఎక్కువ అడిగితే అసలుకే మోసం"
మేనేజర్ మెల్లగానే అన్నాడు.
అడగందే అమ్మైనా పెట్టదంటారు,
సరే,
ఎంత అడగాలో మాత్రం ఏ సామెతా చెప్పదు.

లేచాను. కుర్చీ కిర్రుమంది.
పోయిన జూన్‌లో కొట్టు నుంచి ఒక టోపీ వెళ్లింది,
పిడికిలంత, లేత పసుపు,
మా చెల్లెలి కూతురి కానుపుకని.
తెల్లారే దాకా రేవులోనే కూర్చుంది ఆ పిల్ల.
టోపీ మడత విప్పకుండా తిరిగొచ్చింది.
అమ్మకాల పద్దుంది, అప్పుల పద్దుంది.
దాన్ని ఏ పద్దులో రాయను?

చేతులెత్తమన్నాడు అధ్యక్షుడు.
ఓటోనియెల్ ఎత్తాడు.
అది చూసి బాలదోమెరో తన చెయ్యి దించబోయి
దించలేదు.
తొమ్మిది అవును, ఎనిమిది కాదు,
ఫిదెన్సియో తటస్థం.
మేనేజర్ నా కలం అడిగి తీసుకుని
కాదన్న చేత్తోనే కింద సంతకం చేశాడు.

పదకొండు నెలలకి మంత్రిత్వ శాఖ జవాబు.
ర్యాంపు మంజూరు.
రాత్రి ఫెర్రీ: మంగళవారం, శుక్రవారం మాత్రమే.
రిబ్బను కత్తిరించిన రోజు లారీలు బారులు తీరాయి,
మా పేరు పలక మీద చివరి వరుసలో, ఒక అక్షరం తప్పుతో.
మొదటి శుక్రవారం ఫెర్రీలో ఒకే ప్రయాణికుడు,
పంటి నొప్పితో ఫిదెన్సియో.

ఈ గురువారం చర్చ మిగతా అయిదు రాత్రుల గురించి.
కంపెనీ ఈసారి చందా తగ్గించింది,
టీ కాస్త పలచనగా ఉంటుంది.
ఆ జవాబు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
పొట్టి కాలున్న కుర్చీ కింద దోపాను.
ఒకటి నిలబడింది.
ఇంకోటుంది.