కొస దగ్గర

రియెకా రేవు డాకులో మూడో రోజు
ఫెర్రీ కడుపు బయటపెట్టుకుని పడి ఉంది.
కార్లు ఎక్కే తలుపు మడత దగ్గర పగులు,
నలభై ఒక్క మిల్లీమీటర్లు.
జ్దెస్లావ్ సుత్తితో తట్టి ముందే చెప్పాడు:
"ఇక్కడ గొంతు బొంగురుపోయింది."
రంగుమందు పూసి తుడిచేదాకా నేను నమ్మలేదు.
ఎర్రగా, వెంట్రుక మందాన, అదే బయటపడింది.

రాత్రి ఆఫీసులో నేనూ, కంప్యూటరు ఫ్యానూ.
ఉక్కు పలకని త్రికోణాలుగా కోస్తున్నాను.
దూరంగా పెద్ద కళ్ళు, పగులు దగ్గరయ్యేకొద్దీ చిన్నవి,
వోలోస్కోలో మా మామయ్య సార్డీన్ల వల అల్లినట్టు:
చేప ఎంతో కన్ను అంత.

ఈ చేప మాత్రం చిక్కదు.
కొస దగ్గర వల సన్నం చేసినకొద్దీ
ఒత్తిడి పైకి పోతోంది.
తొమ్మిది వందలు.
పన్నెండు వందల డెబ్భై.
పద్దెనిమిది వందలు.
కాఫీ తాగొచ్చి చూస్తే ఇంకా పైన.
ఉక్కయితే ఎక్కడో కాస్త లొంగుతుంది,
ఎవరికీ చెప్పకుండా మెత్తబడుతుంది.
నా సమీకరణానికి లొంగడం రాదు,
అనంతం అనే ఒక్క మాట పట్టుకు కూచుంటుంది.

పుండు నొప్పి పుండునే అడగకు అన్నాడు
చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసరు, చుట్టూ తిరిగి రా అన్నాడు.
ఒక పెదవి నుంచి రెండో పెదవి దాకా
కొసని తాకకుండా ఒక దారి గీశాను,
దారి పొడుగునా శక్తిని కూడుకుంటూ వచ్చాను.
మొదటి చుట్టు పదకొండు పాయింట్ రెండు, అది నమ్మదగ్గది కాదు.
తర్వాతిది పదకొండు పాయింట్ తొమ్మిది.
ఇంకా దూరంగా నడిచాను. తొమ్మిదే.
ఇంకా దూరంగా. తొమ్మిదే.
పక్క గదిలో ఎవరూ లేరు చెప్పడానికి.

పొద్దున మేనేజరు బెరిస్లావ్:
"సీజన్ అయ్యేదాకా ఆగదా?"
ఆగదు.
"గోరంత పగులుకి ఇంత గొడవా?"
గోరంత అనేది ఈ వారం మాట.

జ్దెస్లావ్ ఏమీ అనలేదు. పదహారో నంబరు డ్రిల్లు బిగించాడు.
ఎర్ర గీత ఆగిన చోట కాదు,
ఇంకో మూడు మిల్లీమీటర్లు అవతల పెట్టాడు.
"కనిపించే కొస అసలు కొస కాదు పిల్లా."
పగులు ఆగాలంటే దాని ముందు గుండ్రంగా కన్నం చెయ్యాలి,
చేతులారా, బాగున్న ఉక్కులో.
సన్నటి మెలికలు బూట్ల మీద రాలాయి.

మధ్యాహ్నం ఆ కన్నాన్నీ గీసి మళ్ళీ నడిపాను.
ఆరు వందల యాభై ఆరు.
వల సగానికి సన్నం చేశాను. యాభై ఆరే.
ఎక్కువే, అక్టోబరులో పలక మార్చాల్సిందే,
కానీ ఎదురుగా కూచుని మాట్లాడదగ్గ అంకె.

"ఎంతట?" అన్నాడు కింద నుంచి.
చెప్పాను.
తలాడించి, సుత్తి తీసుకుని
ఇంకో మడత తట్టడానికి వెళ్ళాడు.