చుక్క తర్వాత

స్టాక్టన్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీ, రెండో కిటికీ.
మార్కుల కాగితాలకు ముద్ర కొట్టి
కవర్లంటించడం నా పని.
వారానికి ఐదు రోజులుండేది. ఇప్పుడు మూడు.

నిరుడు మూడున్నరకు తెరుచుకున్న తలుపు
ఈ ఏడు మూడు ముప్పావుకు కూడా
గొళ్ళెం తీయడం లేదట.
పిల్లలకు కొత్తగా తెలివేం పెరగలేదు,
ఊళ్ళో పనులు పోయాయి, అంతే.
పండ్ల డబ్బాల ఫ్యాక్టరీ మూతపడ్డ నెల
నా కిటికీ ముందు వరస
మెట్లు దిగి సైకిళ్ళ స్టాండు దాకా పాకింది.

ఆ వరసలో డెల్ఫీనా బెటెన్‌కోర్ట్.
పంతొమ్మిదేళ్ళు డబ్బాల మూతలు తడిమి చూసిన వేళ్ళు
నలభై ఆరో ఏట కాల్క్యులస్ పట్టాయి.
వెనకాలే కూతురు ఇల్డా.
ఒకే క్లాసు. ఇద్దరికీ కొన్న పుస్తకం ఒక్కటే.
సాయంత్రం తల్లిది, అర్ధరాత్రి దాటాక పిల్లది.
ఆ పుస్తకం ఒకసారి నా బల్ల మీద మరిచిపోయారు:
అంచుల్లో రెండు పెన్సిళ్ళు
ఒకదాన్నొకటి దిద్దుకుంటూ, మధ్యలో కాఫీ మరక.

దరఖాస్తులు రెండూ ఒకే యూనివర్సిటీకి, ఒకే శాఖకి.
తల్లిది మూడు, చుక్క, తొంభై ఒకటి.
కూతురిది మూడు, చుక్క, ఎనభై ఏడు.
ఆ తేడా నువ్వుగింజలో సగం లేదు.
మంచి రోజుల్లో ఎవరూ ఊదైనా చూడరు దాన్ని.
ఈ ఏడు దాంతోనే మనుషుల్ని తూస్తున్నారు.

మంగళవారం డెల్ఫీనా ఒక్కతే వచ్చింది.
"మార్కు తగ్గించుకోవడానికి ఫారం ఏదైనా ఉందా?"
పెంచమని అడిగే ఫారం ఉంది, పచ్చరంగుది.
తగ్గించమనేదానికి ఇంకా ఎవరూ అచ్చు వేయలేదు.
ఆమె నవ్వి, పచ్చదే ఒకటి అడిగి తీసుకుని,
మడిచి జేబులో పెట్టుకుంది. ఎందుకో.

గురువారం ఇల్డా.
గడువు శుక్రవారం.
"అమ్మ కవరు ఇంకా వెళ్ళకపోతే"
గొంతు చాలా చిన్నది చేసి
"సోమవారం పంపుతారా?"
నేను తలెత్తేలోపే
"వద్దు వద్దు, ఏం అనలేదు నేను"
అంటూ సైకిళ్ళ వైపు పరుగెత్తింది.
దాని సంచి జిప్పు తెరిచే ఉంది.

ఆ సాయంత్రమే రెండూ టపా సంచిలో వేశాను.
తడి ఆరకముందే పేర్చానేమో,
జిగురుకి కవర్లు అతుక్కుపోయాయి.
గోటితో మెల్లగా విడదీస్తే
ఒకదాని అంచు
రెండోదాని వీపున ఉండిపోయింది.

ఎవరిది చిరిగిందో చూడలేదు.
రేపు నాకు సెలవు,
జీతం లేని సెలవు.