వెళ్ళొచ్చే వెలుతురు

వల్పరైసోలో కొండ మీద ఇల్లు.
పైన రేకు, రేకు వెనక మట్టి, మట్టి వెనక చెక్క,
ఆ చెక్కల మధ్య ఎక్కడో నాకు చిక్కని తీగ.

పూర్తిగా చచ్చిన లైను సులువు.
శవం ఎటూ పోదు, వెతికితే ఉన్నచోటే దొరుకుతుంది.
ఇది వెళ్ళొస్తానంటూ వెళ్ళే రకం.
అన్నమాట ప్రకారం వచ్చేస్తుంది కూడా.

మొదటిసారి నేను గడప దాటగానే,
వైద్యుడి గుమ్మంలో తగ్గిపోయే పంటినొప్పిలా,
వంటింటి బల్బు నా మొహం మీదే వెలిగింది.
మీటరు రెండొందల ఇరవై అంది, గంటసేపు మాట మార్చలేదు.
దోన్ ఎవారిస్తో నా వంక చూడలేదు.
బల్బు వంక చూశాడు,
చుట్టాల ముందు పరువు తీసిన పిల్లాణ్ణి చూసినట్టు.

రెండోసారి స్విచ్చులన్నీ విప్పాను,
స్క్రూలు బిగించాను, నల్లబడ్డ హోల్డరు మార్చాను,
డబ్బులు తీసుకున్నాను. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.
నాలుగో రోజు ఫోను: "పోయింది. వచ్చింది."

నలభై ఏళ్ళు కొండవాలు బండికి బ్రేకు పట్టిన మనిషి.
ఒక పెట్టె ఎక్కాలంటే ఇంకోటి దిగాలి,
ఊరికే ఏదీ కదలదని ఆయన లెక్క.
అందుకే రాసిపెట్టాడు,
కసాయి కొట్టువాడిచ్చిన క్యాలెండరు గళ్ళలో, పెన్సిలుతో:
మంగళవారం ఏడూ పది, పొగమంచు.
గురువారం ఒంటిగంట, దక్షిణపు గాలి.
శనివారం రెండుసార్లు, కింది వాటాలో లుస్మీరా తలుపు విసిరింది.
ఆదివారం చిన్న భూకంపం, పోలేదు.
ఆ "పోలేదు" కింద కోపంగా ఒక గీత.
పోయిన ప్రతి గడిలోనూ చివర ఒకటే ముక్క:
రాస్తుండగానే వచ్చింది.

"రాస్తే వస్తుందమ్మాయ్" అన్నాడు, నవ్వకుండా.
నేను మాత్రం నవ్వాను.

మూడోసారి సాయంత్రం వెళ్ళాను.
పనిముట్ల సంచి విప్పకుండా కూర్చున్నాను.
టీ, రొట్టె, నలిపిన అవకాడో,
ఎలుక కన్నం ముందు రెండు పిల్లులం.
గాలి లేచింది. వెనక తలుపు దభీమంది.

చీకటి.

నేను టార్చి తడుముకునేలోపు
ఆయన అలవాటు ప్రకారం లేచి
గోడ మీది క్యాలెండరు తీశాడు, రాయడానికి.

వెలుతురు.

చేతిలో పెన్సిలుతో ఆయన,
నోట్లో రొట్టెతో నేను,
ఇద్దరం ఒకేసారి
ఆ మేకు వంక చూశాం.

టెస్టరు ఆనించాను. నియాన్ గింజ నారింజరంగులో పళ్ళికిలించింది.

పొడుగు మేకు. పన్నెండేళ్ళ కింద ఆయనే కొట్టాడు,
ఊడకూడదని, ఒక దెబ్బ ఎక్కువే.
గోడలో గుడ్డ చుట్టిన పాత తీగని తెంచి
తెగిన కొసలని తనే కలిపి పట్టుకుంది అన్నేళ్ళూ.
ఈ ఏడు కసాయివాడు దళసరి అట్ట వేయించాడు.
ఆ బరువుకి మేకు వంగింది,
తలుపు అదిరితే కొసలు విడిపోతాయి,
క్యాలెండరు దించితే మళ్ళీ కలుస్తాయి.
తగిలించింది దారంతో కాబట్టి సరిపోయింది.
ఎనిమిది నెలలు ఆ వేళ్ళు మేకుకి అంగుళం దూరంలో.

ఆయన కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది.
"అయితే నేను రాయబట్టే వచ్చేదన్నమాట,"
అన్నాడు కాసేపటికి. కాదనలేకపోయాను.

మెయిన్ ఆపి, మేకు పీకి, జానెడు గోడ తవ్వాను.
మట్టి, గడ్డి, ఏనాటిదో గుర్రప్పందేల పత్రిక ముక్క.
కొత్త తీగ, పెట్టె, మూత.
తీగ ఎటు పోతుందో గోడ మీద సుద్దతో గీశాను.
ఆ గీత తుడవనివ్వలేదు.
డబ్బొద్దంటే సంచి నిండా నిమ్మకాయలు పోశాడు.

వారం తర్వాత ఫోను.
"పోలేదు."
"మంచిదేగా?"
"మంచిదే. గళ్ళే ఖాళీగా ఉన్నాయి."
ఆయన వెనకాల ఎక్కడో తలుపు దభీమంది.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

"ఉంది," అన్నాడు.