గోడకున్న తలుపు

బెర్లిన్‌లో, గాజు గుమ్మటం కింద
ఇంటిపేర్ల వరసలో పిలుస్తున్నారు.
గెజీనె టోమ్సెన్ వంతు ఇప్పట్లో రాదు,
జర్మన్ అక్షరమాలలో ఆమెది చివరి వీధి.
కోటు జేబులో పిప్పరమెంటు బిళ్ళలు
నాలుగుంటే రెండయ్యాయి.

హూసుమ్ రేవులో ముప్పై ఏళ్ళుగా మంత్రసాని.
ఆమెనిక్కడికి జనం పంపలేదు.
రాష్ట్ర శాసనసభ ఒక జాబితా వేసింది,
అందులో ఒక తెడ్డు పందేల విజేత, ఒక రొట్టెల వ్యాపారి,
కింద ఎక్కడో ఈమె.
పార్లమెంటు సభ్యులు ఎందరో
రాష్ట్రాలు పంపినవాళ్ళూ అందరే.
ఉసిళ్ళ లాంటి సభ ఇది,
ఒక్క పనికి పుడుతుంది, పని కాగానే ఉండదు.
ఉపన్యాసాలు లేవు, వాదనలు లేవు.
పేరు, కవరు, పెట్టె.

పక్క కుర్చీలో ఎక్కెహార్ట్, డ్రెస్డెన్‌లో ట్రామ్ నడిపేవాడు,
గొణుగుతున్నాడు:
"మా వీధిలో అందరూ అడిగారు,
అధ్యక్షుణ్ణి మేమెందుకు ఎన్నుకోకూడదని.
ఏం చెప్పను?
ఒకే జాబితాకి తొంభైతొమ్మిది శాతం వేసిన రోజులు చూశాను.
ఇప్పుడు నిజం ఓటు ఉంది,
ఈ ఒక్కదానికీ లేదు.
మమ్మల్ని నమ్మరా?"

గెజీనె ఒక బిళ్ళ అతనికిచ్చింది.

ఆమె నానమ్మ వీబ్కె ఓటేసింది, ముప్పైరెండులో,
ఇరవైనాలుగేళ్ళ వయసులో, వర్షంలో నడిచివెళ్ళి.
అరిచేవాడొకడు వస్తున్నాడని భయపడి
ముసలి సేనానికి వేసింది.
ఆయన గెలిచాడు. ఊళ్ళో గంటలు మోగాయి.
ఏడాది తిరక్కముందే
ఆ ముసలిచెయ్యే సంతకం పెట్టి
అరిచేవాణ్ణి లోపలికి పిలిచింది.
"గోడ అనుకుని వేశాం" అనేది నానమ్మ
చేపలు తోముతూ, తలెత్తకుండా.
"గోడకి తలుపుంది."

అందుకని యుద్ధం అయ్యాక
శిథిలాల మధ్య కూర్చుని రాసినవాళ్ళు
అధ్యక్షుడి చేతిలోంచి కత్తి తీసేసి
పిడి మాత్రం ఉంచారు.
కోట్లమంది కలిసి ఎత్తుకుంటే
పిడికి కూడా కత్తి మొలుస్తుందని
ఎత్తుకునే చేతుల్ని తగ్గించారు.

సరే.
కానీ నానమ్మ తప్పు చేసిందా?
ఆమెకున్న ఒక్క వర్షపురోజు
ఎవరూ ఆమెను మళ్ళీ అడగలేదే.

మామూలు రోజుల్లో గుమ్మటంలో
జనం తిరుగుతుంటారట, సభ్యుల తలలమీదుగా.
ఇవాళ పైన ఎవరూ లేరు.
మేఘం ఒకటి పోతోంది, అంతే.

ఎక్కెహార్ట్ బిళ్ళ చప్పరిస్తూ అడిగాడు:
"మరి మా వీధికి ఏం చెప్పను?"
"తెలీదు" అంది.
"మా నానమ్మకి ఏం చెప్పాలో నాకూ తెలీదు."

"టోమ్సెన్, గెజీనె."

అర్ధరాత్రి తలుపు కొడితే
చెప్పులు వెతుక్కుంటూ అనే మాటే
నోటికొచ్చింది:
"వస్తున్నా. కంగారుపడకండి."