రెండు ముడుల సుతిలి

పోయిన మంగళవారం
వెనక కుడిపక్క షాకు నూనె కక్కింది.
బంపర్ మీద కాలు పెట్టి తొక్కి వదిలిన.
ఒక్కసారి లేచి కుదురుకోవాల్సిన జీపు
పీరెత్తుకున్నోని లెక్క
ఊగుతనే ఉంది.

అచ్చంపేటల మౌలాలి కిందికి దూరి
వేలితోని నూనె తీసి వాసన చూసిండు.
"పట్టీలు ఎక్కిచ్చి నాలుగంగుళాలు పైకి లేపితివి,
షాకులేమో పుట్టినప్పటియే ఉంచితివి.
పిలగాడు పొడుగైనా పాత లాగే తొడుగుతవా కుర్మన్నా?
చక్రం గుంతల దిగినప్పుడల్లా
ఇది కొసదాక సాగి తెగనీకె చూస్తది."

లేపకుంటె ఎట్ల?
మన్ననూరు గేటు దాటినంక ఆ బండలు
జీపు కడుపును గీరుతుండె.
నెల బియ్యం పెంటకు చేరకముందే
ఆయిలంత అడివి తాగుతుండె.

ఇంటిముందర బండ మీదికి ఒక చక్రం ఎక్కిచ్చిన.
రెండోది గాల్లో యాలాడుతుంటె
కింది బోల్టు కాడికెళ్లి మీది బోల్టు దాక సుతిలి పట్టి
ఒక ముడి.
ఇటుపక్క పట్టీ నలిగి కూసున్న కాడ
ఇంకో ముడి.
మణెమ్మ చాట పక్కకు పెట్టి చూసింది.
"నాకు మూడేసినవ్, దీనికి రెండేనా?"
ఆ రెండు నిలవడితె చాలన్న.

జేబుల మూడువేల రెండొందలు, సుతిలి.
జడ్చర్ల బస్సెక్కిన.

కొట్టాయన ముందుగాల గ్యాసుది తీసిండు,
చిలకపచ్చ రంగు, కవరు గుడ విప్పలే.
ఒక్కోటి నాలుగువేల ఎనిమిదొందలు.
"వంద మీద పోయినప్పుడు చూడాలె దీని మజా."
నా జీపు వంద మీద పోతె అది లోయలకే.
మా తొవ్వల పదిహేను దాటితె
వెనక కూసున్నోళ్లు మైసమ్మకు మొక్కుతరు.

లారీ మీదికెళ్లి విప్పిన పాతవి చూపిచ్చిండు, ఆరొందలు.
రెండు చేతులతోని ఒత్తిన, కదల్లే.
లారీ షాకు లారీ బరువే అడుగుతది,
పది మంది చెంచోళ్లు, నాలుగు తేనె డబ్బాలు
దానికి ఒక లెక్కన?

అడుగు అరల బూడిద రంగుయి ఉన్నయి.
పేరు లేదు, నూనెయి, పదమూడొందల యాభై.
సాగదీసి సుతిలి పెట్టిన:
మొదటి ముడి సరిగ్గ కూసుంది.
ఒత్తి పెట్టిన:
రెండో ముడికి వేలెడు మిగిలింది.
మౌలాలికి ఫోన్ చేసిన.
"పాత టైరు ముక్క కోసి పట్టీ మీద బిగిద్దాం,
షాకు కన్న ముందు దెబ్బ అదే తింటది. తెచ్చెయ్."

రెండింటికే పైసలు.
మిగిలిన అయిదొందలు రబ్బర్లకు, మౌలాలి చాయికి.

"కొత్తయి ముందల పెడుదాం," అన్నడు మౌలాలి,
"స్టీరింగు చేతికొస్తది.
ముందటి పాతయి వెనకకు ఏస్తె ఏడాది ఈడుస్తయి."

ఆయన చెప్పింది తప్పు కాదు.
నేను చానసేపు పానా పట్టుకొని నిలవడ్డ.
గుంత నాకు ముందుగాలనే కనవడతది,
పండ్లు బిగవట్టుకుంట, చేతులు బిగవట్టుకుంట.
వెనక అడ్డంగ కూసున్నోళ్లకు
గుంత సంగతి నడుముకే తెలుస్తది.
చిగుర్ల ఈదమ్మకు ఏడో నెల.
బేస్తవారం దవఖానకు తీస్కపోవాలె.

"వెనకకే పెట్టు," అన్న.
మౌలాలి నా మొఖం చూసి
ఏమనలే. బోల్టుకు గిరీసు రాసిండు.

బేస్తవారం,
వాగు దిగేకాడ, ఆ మూడు బండల మీద
అలవాటు చొప్పున నేనే "పట్టుకోండి" అని అరిచిన.
అద్దంల చూస్తె ఈదమ్మ
రేకుకు తల ఆనిచ్చి నిద్రపోతుంది.
పక్కనున్న ముసలామె నోట్ల పొగాకు
కదలకుంట నములుతుంది.
నా మణికట్లు మాత్రం సాయంత్రం దాక గుంజినయి.

సుతిలి పారెయ్యలే.
అద్దానికి నిమ్మకాయ పక్కన కట్టిన,
రెండు ముడులు అట్లనే ఉన్నయి.
నిన్నటికెళ్లి ముందట ఎడమపక్క
కొత్తగ ఒక చప్పుడు.
మౌలాలికి ఇంకా చెప్పలే.